గిన్నె మూత తీసినప్పుడు ఎవరిని పిలుస్తుందో చూడండి

భద్రాచలం చుట్టుపక్కల ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో నెలకో ఆదివారం అమ్మానాన్నలు వచ్చే రోజు. చర్ల వైపు నుంచి, దుమ్ముగూడెం నుంచి, గుండాల, ఆళ్లపల్లి గూడేల నుంచి చీకటితోనే బయల్దేరుతారు. కొంత దూరం నడక, కొంత దూరం ఆటో, ఆ పైన పల్లెవెలుగు బస్సు. చేతి సంచిలో కోడికూర గిన్నె, కారప్పూస పొట్లం, కొబ్బరినూనె సీసా, సబ్బులు. బడి ఆవరణలో ఏ చెట్టు కిందో తువ్వాలు పరిచి బిడ్డను కూర్చోబెట్టి తినిపిస్తారు. "బాగున్నవా బిడ్డా?" అంటారు. తల ఊపుతుంది. "మంచిగ చదువుతున్నవా?" అంటారు. మళ్లీ ఊపుతుంది. తరవాత సారు దగ్గరికి పోయి, ఆయన చూపించిన చోట సంతకమో వేలిముద్రో పెట్టి, "మీరే చూసుకోవాలె సారూ, మాకేం తెల్వదు" అని చెప్పి సాయంత్రం బస్సు అందుకుంటారు.

ఆ "మాకేం తెల్వదు" అన్న మాట దగ్గరే మిమ్మల్ని ఒక్క నిమిషం ఆపాలని ఉంది. మీకు తెలుసు. మార్కుల కార్డు మీద ఉన్న అంకెలు చదవడం రాకపోవచ్చు. బిడ్డను చదవడం మీకు పుట్టిన నాటి నుంచీ వచ్చు. లెక్కల్లో ఎన్ని వచ్చాయో ఆ కార్డు చెబుతుంది. పెన్సిలు పోతే పక్కవాళ్లను అడగగలుగుతోందా, కోపం వస్తే ఎంతసేపటికి చల్లారుతోంది, రాత్రి భయమేస్తే లేపడానికి పక్కన ఎవరైనా ఉన్నారా అన్నది ఏ కార్డూ చెప్పదు. బడిలో బిడ్డ పెరిగేది వీటిలో కూడా. వీటిని చూడటానికి అక్షరాలు అక్కర్లేదు, ఎక్కడ చూడాలో తెలిస్తే చాలు.

మొదట చూడాల్సింది ఆ గిన్నె మూత తీసిన క్షణం. బిడ్డ తల తిప్పి ఎవరికోసమైనా వెతుకుతోందా? "అమ్మా, దీనికీ పెట్టు, వాళ్ల అమ్మ రాలేదు" అని ఒకరి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చిందా? అయితే మీ బిడ్డకు బడిలో ఒక మనిషి దొరికింది. ఇంకొకరి అమ్మ రాలేదన్న సంగతి గమనించి, ఆ వెలితి తనకు తగిలి, తనకున్నదాంట్లో పంచాలనుకుంది. పదేళ్ల పిల్లకు ఇది చిన్న ఎదుగుదల కాదు. మీరు తెచ్చిన కూర తక్కువైనా సరే, ఆ రెండో పిల్లకు మీ చేత్తో పెట్టండి. పేరు అడగండి, ఏ ఊరో అడగండి. వచ్చే నెల పేరు పెట్టి పిలవండి.

పంచడంలో కూడా తేడా ఉంటుంది, అది ముఖంలో కనబడుతుంది. తనే పిలిచి పెడితే ఒక రకం. పెద్ద పిల్లలు ముగ్గురు వచ్చి మాటా పలుకూ లేకుండా ఎదురుగా నిలబడితే, బిడ్డ వాళ్ల వైపు చూడకుండా కారప్పూస పొట్లం అందించేస్తే అది మరో రకం. మొదటిది స్నేహం, రెండోది భయం. ఒక్కతే గోడ వైపు తిరిగి గబగబా తింటే మొదటి నెలలో కంగారు పడకండి, కొత్త చోట ఎవరైనా అంతే. దసరా సెలవులు అయిపోయి మళ్లీ వెళ్లాక కూడా అలాగే ఉంటే మాత్రం అది చిన్న సంగతి కాదు, సారుతోనో వార్డెన్ మేడంతోనో మాట్లాడాలి.

అడిగే మాటలు కూడా కొంచెం మార్చి చూడండి. "బాగున్నవా" అంటే బాగున్నానని తప్ప ఇంకేం చెబుతుంది? అంత దూరం నుంచి వచ్చిన అమ్మను బాధ పెట్టకూడదని పిల్లలకు తెలుసు, మనం అనుకున్నదానికంటే బాగా తెలుసు. దానికి బదులు, "రాత్రి నీ పక్కన ఎవరు పండుకుంటరు?" అని అడగండి. "మెస్సుల నీ పక్కన ఎవరు కూసుంటరు?" "ఈ నెల ఎవరితోనన్న కొట్లాడినవా? మళ్ల ఎట్ల కలిసిండ్రు?" "మీ క్లాసుల ఎవరికన్న ఏడుపొస్తే ఎవరు ఊకోబెడతరు?" ఇలాంటి వాటికి తల ఊపితే సరిపోదు. ఒక పేరు చెప్పాలి, ఒక ముచ్చట చెప్పాలి. ఆ ముచ్చటలోంచి మీకు బడి కనబడుతుంది. జవాబు వచ్చేదాకా ఆగండి. మధ్యలో బుద్ధులు చెప్పకండి. కొట్లాట గురించి నోరు విప్పిన వెంటనే తిట్లు పడితే, వచ్చే నెల ఇక తల ఊపుడే మిగులుతుంది.

ఐదో తరగతిలో గురుకులంలో సీటు వచ్చిన పిల్లల గురించి ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. బడులు జూన్ రెండో వారంలో తెరుస్తారు. ఇల్లు విడిచిన మొదటి రెండు మూడు నెలలే పిల్లకు అన్నిటికంటే కష్టం. సరిగ్గా అవే మన దగ్గర వానల నెలలు. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మూడోది దాటిందంటే చర్ల, దుమ్ముగూడెం వైపు రోడ్లు ఎక్కడికక్కడ మునుగుతాయి. 2022 జూలైలో నీళ్లు 71 అడుగులు దాటాయి, 1986లో 75 అడుగులు దాటాయి, మీకు నేను చెప్పక్కర్లేదు. "వచ్చే ఆదివారం వస్తా బిడ్డా" అని మాటిచ్చి వెళ్తారు. వాగు పొంగుతుంది, మీరు రాలేరు. అందరి అమ్మలూ వచ్చి వెళ్లిపోయేదాకా బిడ్డ గేటు దగ్గర నిలబడుతుంది. వాగు సంగతి పెద్దవాళ్లకు తెలుసు. పిల్ల మనసు మాత్రం "అమ్మ మరిచిపోయింది" అనుకుంటుంది.

అందుకని జూన్‌లో దింపి వచ్చేటప్పుడే చెప్పండి. "వాన పెద్దగ పడి వాగొస్తే నేను రాలేను. రాలేదంటే వాగొచ్చిందని. వాగు తీసినాక ఫస్టు ఆదివారం వస్తా. ఆ లోపల సారుకు ఫోన్ చేస్తా." చేస్తామన్న ఫోన్ తప్పకుండా చేయండి. గూడెంలో సిగ్నల్ లేకపోతే సిగ్నల్ ఉన్న చోటికి పోయైనా చేయండి. ఇంకొకటి, దింపేటప్పుడు పిల్ల ఆటలో పడగానే చెప్పకుండా జారుకోవద్దు. ఏడుస్తుందని భయపడి చాలామంది అలా చేస్తారు. చెప్పి వెళ్తే ఏడుస్తుంది, నిజమే. చెప్పకుండా వెళ్తే, ఇక మీరు ఎదురుగా ఉన్నంతసేపూ ఎప్పుడు మాయమవుతారో అని కాచుకుని ఉంటుంది.

"మా వాడు మొదట్లో బాగా ఏడ్చిండు, ఇప్పుడు ఏడ్వట్లేదు, అలవాటు పడ్డడు" అని సంతోషపడతాం. చాలాసార్లు అది నిజమే. ఎప్పుడూ కాదు. ఇంగ్లండులో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన 1952లో ఒక సినిమా తీశాడు. రెండేళ్ల పిల్ల ఆసుపత్రిలో అమ్మానాన్నలకు దూరంగా ఉన్నప్పుడు రోజు రోజుకూ ఎలా మారిందో అందులో ఉన్నదున్నట్టు చూపించాడు. అప్పట్లో అక్కడి ఆసుపత్రుల్లో తల్లిదండ్రులను చాలా తక్కువసేపు మాత్రమే రానిచ్చేవారు. వాళ్లు వచ్చి వెళ్తే పిల్లలు ఏడుస్తారు, రాకపోతే నెమ్మదిగా ఉంటారు, కాబట్టి రాకపోవడమే మేలని డాక్టర్లు, నర్సులు నమ్మేవారు. ఆ నెమ్మది కుదురుకోవడం కాదని, ఆశ వదిలేసుకోవడమని ఆయన చూపించాడు. మొదట్లో చాలామంది డాక్టర్లు కోప్పడ్డారు. చివరికి 1959లో ప్రభుత్వం వేసిన ప్లాట్ కమిటీ, తల్లిదండ్రులను ఎప్పుడంటే అప్పుడు రానివ్వాలని చెప్పింది. మన పిల్లలు రెండేళ్ల వాళ్లు కాదు, హాస్టల్ ఆసుపత్రి కాదు. అయినా ఆ తేడా మనకూ పనికొస్తుంది. ఏడుపు ఆగి, దాని చోట ఆట వచ్చిందా? స్నేహితురాలి పేరు వచ్చిందా? మీరు వెళ్తుంటే ముఖం చిన్నబుచ్చుకుని, అయినా చెయ్యి ఊపి, తిరిగి తన గుంపులోకి పరిగెత్తిందా? అయితే కుదురుకున్నట్టే. ఏడుపు ఆగి, దాని చోట ఏమీ రాలేదనుకోండి. మీరు వచ్చినా ఎదురు రాదు, వెళ్తున్నా పట్టించుకోదు, తెచ్చింది తినదు. అది అలవాటు పడటం కాదు. అప్పుడు నెలకోసారి సరిపోదు, మధ్యలో ఒకసారి వెళ్లి కూర్చునే వీలు కోసం సారును అడగండి.

ఇక మాట్లాడకపోవడం. కోయ ఇళ్లలో పుట్టిన పిల్ల బడిలో తెలుగులోనో ఇంగ్లీషులోనో మాట్లాడాలి. 2005 తరవాత ఛత్తీస్‌గఢ్‌లోని గొడవలకు ఇటు వచ్చి అడవి అంచున గుడిసెలు వేసుకున్న కుటుంబాల పిల్లలకైతే తెలుగే పరాయి భాష. తరగతిలో వాళ్లు నోరు మెదపకపోతే "డల్" అనే ముద్ర త్వరగా పడుతుంది. అదే పిల్ల వాగు ఒడ్డున తన తోటివాళ్లతో ఎంత గలగలా మాట్లాడుతుందో, తగువు వస్తే ఎలా తీరుస్తుందో మీరు చూశారు, సారు చూడలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో కోయ, గోండి, కొలామి, సవర వంటి ఎనిమిది భాషల్లో చిన్న తరగతులకు పుస్తకాలు తయారుచేయడం మొదలుపెట్టింది ఇందుకే. ఇంటి మాటతో బడిలోకి అడుగుపెట్టిన పిల్లకు బెరుకు తక్కువ. విద్యాహక్కు చట్టం కూడా వీలైనంత వరకు పిల్ల సొంత భాషలోనే బోధన ఉండాలంటుంది. పుస్తకం ఉన్నా లేకున్నా మీరు చేయగలిగిందొకటి ఉంది. ఆదివారం నాడు బడి ఆవరణలో బిడ్డతో మీ భాషలోనే మాట్లాడండి. సిగ్గుపడి గొంతు తగ్గించకండి. మీరు గొంతు తగ్గిస్తే, ఆ భాష తగ్గించి మాట్లాడాల్సిందేనని బిడ్డ నేర్చుకుంటుంది.

సెలవులకు ఇంటికొచ్చిన పిల్లలో కొన్ని మార్పులు మనసుకు గుచ్చుకుంటాయి. ఎదురు ప్రశ్నలు వేస్తుంది. తన బట్టలు, తన పెట్టె ఎవరూ ముట్టుకోవద్దంటుంది. కొడుకైతే తండ్రి మాట్లాడే తెలుగును దిద్దుతాడు. "హాస్టలుకు పంపితే పొగరు నేర్చిండు" అని వెంటనే అనేయకండి. వందల మంది మధ్య బతికే పిల్లకు తనదంటూ ఉన్నది ఆ పెట్టె ఒక్కటే, దానికి తాళం వేసుకోవడం పొగరు కాదు. ఎందుకు, ఏమిటి అని అడగడం బడి నేర్పాల్సిందే, నేర్పింది. చూడాల్సిన సంగతి వేరే ఉంది. మన తిండి వాసన అంటోందా? భూమి పండుగకు ఊరంతా కలిస్తే తను రానంటోందా? నాయనమ్మ పక్కన కూర్చోవడానికి సిగ్గుపడుతోందా? అయితే అక్కడెవరో మన తిండినో మన మాటనో గేలి చేసి ఉంటారు. బిడ్డను తిడితే ఆ గాయం ఇంకా లోపలికి పోతుంది. "ఎవరన్న ఏమన్న అన్నరా?" అని, ఇద్దరే ఉన్నప్పుడు, ఏదో పని చేసుకుంటూ అడగండి. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే చెప్పని పిల్లలు, ఇప్పపువ్వు ఏరుతూనో, తునికాకు కట్టలు కడుతూనో అడిగితే చెబుతారు. చేతులకు పని ఉంటే నోటికి ధైర్యం వస్తుంది.

కొట్లాటల విషయంలో నా అభిప్రాయం కొంచెం గట్టిగానే చెబుతాను. తోటి పిల్లలతో తగువు పడి, రెండు రోజులు మాటలు మానేసి, మూడో రోజు కలిసిపోవడం పిల్లలకు అన్నం ఎంత అవసరమో అంత అవసరం. మధ్యలో మనం పోయి అవతలి పిల్లను గదమాయిస్తే బిడ్డకు ఆ నేర్చుకునే వీలు పోతుంది. కలిసిపోయారా లేదా అని మాత్రం అడుగుతూ ఉండండి. కానీ ఒకరే ప్రతిసారీ కొడుతూ, మీ బిడ్డే ప్రతిసారీ పడుతుంటే అది తగువు కాదు. పెద్దవాళ్లు కొడుతుంటే అసలే కాదు. పిల్లలను కొట్టడం, మాటలతో హింసించడం రెండూ 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించిన పనులు. "మా సారు దెబ్బేస్తేనే మాకు చదువొచ్చింది" అనే మాట బిడ్డ ముందు అనకండి. రేపు నిజంగా ఎవరైనా కొడితే మీకు చెప్పదు. ఎవరైనా ముట్టుకోకూడని విధంగా ముట్టుకున్నారని చెబితే, ముందు నమ్మండి. "నువ్వేం చేసినవ్?" అనే ప్రశ్న ఆ రోజు మీ నోట రాకూడదు. బడిలో చెప్పండి, వినకపోతే 1098కి ఫోన్ చేయండి. పిల్లల కోసం పగలూ రాత్రీ పనిచేసే నంబరు అది, డబ్బులు పడవు. బిడ్డ రోజుల తరబడి నిద్రపోక, తినక, చచ్చిపోతా అన్నట్టు మాట్లాడితే 14416కు చేయండి. మనసుకు సంబంధించిన కష్టం వచ్చినప్పుడు సాయం చేయడానికే 2022లో ఆ ఫోన్ సేవను ప్రభుత్వం మొదలుపెట్టింది.

కార్డు చెప్పని ఎదుగుదలకు మన వైపే ఒక ఉదాహరణ ఉంది. చర్ల మండలం కలివేరు పేరు మీకు తెలిసే ఉంటుంది. అన్నపురెడ్డిపల్లి సాంఘిక సంక్షేమ గురుకులంలో తొమ్మిదో తరగతి చదివిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఆ ఊరి బిడ్డే. 2014 మే 25న నిజామాబాద్ జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణతో పాటు ఎవరెస్టు ఎక్కాడు. పూర్ణకు అప్పటికి పదమూడేళ్లు. అందరికీ గుర్తుండేది ఆ శిఖరం. నాకు ఎక్కువ గుర్తొచ్చేది దానికి ముందు గడిచిన నెలలు. భువనగిరి రాళ్ల మీద, డార్జిలింగ్‌లో, లడఖ్ చలిలో, ముందెప్పుడూ చూడని పిల్లల మధ్య, ఒకరి తాడు ఒకరు పట్టుకుంటూ నేర్చుకున్న నెలలు. భయమేస్తోందని కోచ్‌కు చెప్పగలగడం, అలిసిపోయిన తోటివాడి కోసం ఆగడం, ఈ రోజు కాకపోతే రేపు అనుకోగలగడం. ఇవి లేకుండా ఎవరూ కొండ ఎక్కలేరు. ఇవి మార్కుల కార్డులో ఎక్కడా ఉండవు. ఇది చెప్పి "ఆనంద్‌ను చూడు, నువ్వూ ఉన్నవ్" అని మీ వాడితో అనకండి, దయచేసి. మీ వాడు పోయిన నెల చీకట్లో బాత్రూంకు ఒంటరిగా పోలేకపోయి, ఈ నెల పోగలిగితే, అది చూసి పేరు పెట్టి మెచ్చుకోండి.

మిరపకోతల కాలం గురించి మాట్లాడటం కష్టం, ఎందుకంటే అది కడుపుకు సంబంధించిన మాట. ఫిబ్రవరి, మార్చిలో కూలి దొరికే చోటికి కుటుంబం మొత్తం కదులుతుంది. చిన్నదాన్ని ఎత్తుకోవడానికి పెద్దది కావాలి. బడి మానేస్తే పాఠాలు పోతాయని అందరూ చెబుతారు. పాఠాలు తరవాతైనా పట్టుకోవచ్చు. ఆ నెలన్నరలో తన జట్టు పోతుంది. తిరిగి వచ్చేసరికి బెంచీలో తన చోట ఇంకొకరు కూర్చుని ఉంటారు, తన స్నేహితురాలికి ఇంకో స్నేహితురాలు దొరికి ఉంటుంది. చాలామంది ఆడపిల్లలు బడికి మళ్లీ పోనని అనేది లెక్కలకు భయపడి కాదు, ఈ సిగ్గుకు. వలస వెళ్లే కుటుంబాల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు నడిపే ఏర్పాటు సమగ్ర శిక్షలో ఉంది. మీ మండలంలో ఉందేమో కోతలకు ముందే బడిలో అడగండి. తీసుకుపోక తప్పకపోతే చెప్పాపెట్టకుండా తీసుకుపోకండి. ఎప్పటికి తిరిగి వస్తుందో సారుకు మీరు, స్నేహితులకు తను చెప్పి వెళ్లనివ్వండి. వచ్చిన రోజు మీరూ బడిదాకా వెళ్లండి. అంతకాలం చెల్లిని ఎత్తుకుని, వంట చూసి, ఇల్లు నిలబెట్టింది ఈ పిల్లేనని తరగతి సారుకు ఆమె ఎదుటే చెప్పండి.

ఆ చెప్పడం ఎంత అవసరమో మీకు తెలియాలి. ఒక్కో సారుకు నలభై మంది పిల్లలు. మీ బిడ్డ ఇంట్లో ఎలా ఉంటుందో ఆయనకు ఎవరూ చెప్పరు. 2020 జాతీయ విద్యావిధానం ఇకపై ప్రోగ్రెస్ కార్డులో మార్కులే కాక పిల్ల నడవడిక, తోటివాళ్లతో మెలగడం, తన గురించి తను ఏమనుకుంటోంది అన్నవి కూడా ఉండాలంది. అలాంటి కార్డు మీ బడికి ఎప్పుడొస్తే అప్పుడు రానివ్వండి. దాంట్లో రాయడానికి కావలసింది మాత్రం మీ దగ్గర ఇప్పుడే ఉంది. పైగా, ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నూటికి డెబ్బై ఐదు మంది తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది ఆడవాళ్లు ఉండాలని విద్యాహక్కు చట్టం రాసింది. అక్కడ మీకున్నది పక్కన నిలబడే హక్కు కాదు, కూర్చుని మాట్లాడే హక్కు.

వచ్చే నెల ఆదివారం బిడ్డను చూడటానికి వెళ్లినప్పుడు కార్డు మీద వేలిముద్ర పెట్టే ముందు సారుకు మూడు మాటలు చెప్పండి. బిడ్డ దేనికి భయపడుతుందో ఒకటి. భయపడితే ఇంట్లో ఎవరు ఏం చేస్తే ఊరుకుంటుందో ఇంకొకటి. మీ గూడెంలో తను ఏ పనిలో పెద్దమనిషో మూడోది. మేకలను ఒక్కతే తోలుకొస్తుందా, చిన్నపిల్లలు పది మందిని ఆడిస్తుందా, ముసలమ్మకు రోజూ నీళ్లు తెచ్చి పోస్తుందా, ఏదైనా సరే. తరవాత ఆయన్ని ఒకటి అడగండి: "మా పిల్ల క్లాసుల ఎవరితోటి నవ్వుతది సారూ?" ఆయనకు వెంటనే పేరు తోచకపోతే నొచ్చుకోకండి. వచ్చే నెలకు చూసి చెప్పమనండి, మళ్లీ వెళ్లినప్పుడు గుర్తుపెట్టుకుని అడగండి.